ఎరువు వేసినా ఆకులు పసుపెక్కుతున్నాయా? ముందు కుండీలో తడి చూడండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు మన తెలుగువాళ్ల మిద్దెల మీద గోంగూర, కరివేపాకు, టమాటా బాగానే పెంచుతున్నారు. ఆకు పసుపెక్కిందంటే చాలు, చాలామంది ఇంకో గుప్పెడు వర్మీకంపోస్ట్ వేసేస్తారు. కంపోస్ట్‌లోని నత్రజనిలో చాలా భాగాన్ని వేళ్లు ఉన్నది ఉన్నట్టు తీసుకోలేవు. మట్టిలోని బ్యాక్టీరియా దాన్ని ముందు అమ్మోనియంగా, తర్వాత నైట్రేట్‌గా మార్చాలి. ఆ పనికి తడీ కావాలి, గాలీ కావాలి. కాబట్టి ఎరువు సంచి విప్పేముందు నీళ్లు ఎలా పోస్తున్నారో చూసుకోండి.

కింది ఆకులు పసుపు, మట్టి ఎప్పుడూ తడే, మురుగు వాసన

నేను ఎక్కువగా చూసేది ఇదే. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్పకుండా పోస్తున్నానమ్మా, అయినా ఇలా అయిందేంటి?" అని మా పక్కింటి అక్క అడిగింది. కారణం ఆ మాటలోనే ఉంది.

మట్టిరేణువుల మధ్య ఖాళీల్లో సుమారు 60 శాతం నీళ్లు, మిగతాది గాలి ఉంటే బ్యాక్టీరియా చురుగ్గా పనిచేస్తుంది. ఖాళీలన్నీ నీళ్లతో నిండితే ఆక్సిజన్ లోపలికి చేరదు. గాలిలో కంటే నీళ్లలో అది దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. నైట్రేట్ తయారుచేసే బ్యాక్టీరియా అక్కడితో ఆగిపోతుంది. గాలి లేకపోయినా బతకగల వేరే రకాల బ్యాక్టీరియా అప్పటికే ఉన్న నైట్రేట్‌లోంచే ఆక్సిజన్ లాక్కుంటుంది, నత్రజని వాయువై ఎగిరిపోతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న ఎరువు గాల్లో కలిసిపోయినట్టే. అప్పుడు మొక్క ముదురాకుల్లోని నత్రజనిని చిగుళ్లకు పంపుకుంటుంది. అందుకే ముందు కింది ఆకులు పసుపెక్కుతాయి.

అనుమానం ఉంటే కుండీని పక్కకి వాల్చి, అంచులు తట్టి, మట్టిముద్దను మెల్లగా బయటకి జార్చండి. పైన రెండు అంగుళాలు మామూలుగానే కనిపిస్తాయి. అడుగున మట్టి నల్లగా, జిగటగా ఉంటుంది, కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్, గాలి ఆడటం లేదనడానికి గుర్తు. తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే పైపొర ఊడొస్తే వేరుకుళ్లు మొదలైందని అర్థం.

కుళ్లిన వేళ్లు కత్తిరించేయండి. అడుగు రంధ్రం మట్టితోనో వేళ్లతోనో మూసుకుపోయి ఉంటే తెరవండి. కింద ప్లేటు తీసేసి కుండీని ఇటుకల మీద పెట్టండి. వేలు రెండు అంగుళాలు దించితే పొడిగా తగిలినప్పుడే నీళ్లు. సెప్టెంబరు, అక్టోబరుల్లో బెంగళూరులో వానలు గట్టిగా పడతాయి, డ్రిప్ టైమర్ ఆపడం మర్చిపోవద్దు.

ఈ స్థితిలో మాత్రం పేడ, బెల్లం కలిపి పులియబెట్టే జీవామృతం పోయకండి. అందులోని బెల్లం తింటూ బ్యాక్టీరియా మిగిలిన కాస్త ఆక్సిజన్‌నీ వాడేస్తుంది.

లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ

ఇది ఇనుము లోపం. బెంగళూరు మట్టి ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల, మరి లోపం ఎందుకు? చాలా చోట్ల బోరు, ట్యాంకర్ నీళ్లు గట్టివి. వాటిలోని బైకార్బనేట్లు మట్టి పీహెచ్‌ని పెంచుతాయి, ఇనుము కరగకుండా ఉండిపోతుంది. తుప్పు పట్టిన మేకులు పాతిపెట్టి లాభం లేదు, తుప్పు కూడా కరగని ఇనుమే.

వెంటనే పనిచేసేది ఐరన్ చీలేట్ (వేళ్లు తీసుకోగలిగేలా కరిగే రూపంలో ఉంచిన ఇనుము), ప్యాకెట్ మీద రాసిన మోతాదులో. నిదానంగా పనిచేసేది గంధకం పొడి. బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది, కానీ వారాలు పడుతుంది, పైగా మట్టిలో తడీ గాలీ రెండూ ఉండాలి. వీలైతే వాననీళ్లు పట్టి వాడండి. ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లలో లవణాలు ఇంకా ఎక్కువ, వాటిని బాత్రూమ్ కడగడానికి ఉంచండి.

పోసిన నీళ్లు పోసినట్టే కిందికి, మొక్క వాడిపోతోంది

ఏప్రిల్ ఎండలకి కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) పూర్తిగా ఎండితే నీటిని వెంటనే పీల్చుకోదు. నీళ్లు కుండీ గోడ పక్కనుంచి జారిపోతాయి, మధ్యలో మట్టి పొడిగానే ఉంటుంది. పొడిమట్టిలో బ్యాక్టీరియా నిద్రావస్థలోకి వెళ్తుంది, కరగని పోషకం వేరుకి అందదు. కుండీని నీళ్ల టబ్బులో పెట్టి, బుడగలు ఆగేదాకా ఉంచండి.

తడిపిన రోజే ఎరువు వద్దు. ఎండిన మట్టి మళ్లీ తడిసినప్పుడు బ్యాక్టీరియా ఒక్కసారిగా లేచి చాలా నత్రజని విడుదల చేస్తుంది. బర్చ్ అనే శాస్త్రవేత్త 1958లోనే దీన్ని వివరించాడు. నైట్రేట్‌ని మట్టి పట్టి ఉంచుకోలేదు, ఎక్కువ నీళ్లు పోస్తే కొట్టుకుపోతుంది. అందుకే కొన్ని రోజులు కొద్దికొద్దిగా పోసి, పైన ఎండుటాకులు పరవండి.

టమాటా కాయ అడుగున నల్లమచ్చ

కాల్షియం కాయదాకా అందలేదు. కాల్షియం నీటితో పాటే పైకి వెళ్తుంది, ఒకరోజు ఎండబెట్టి ఇంకోరోజు ముంచేస్తే ఆ ప్రవాహం తెగుతుంది. గుడ్డుపెంకులు కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకి ఉపయోగపడవు. రోజూ సమానంగా తడి ఉంచండి, తర్వాత వచ్చే కాయలు బాగుంటాయి.

కావేరి నీళ్లలో క్లోరిన్ బ్యాక్టీరియాని చంపేస్తుందా?

టెన్షన్ వద్దు. కుళాయి నీటిలో ఉండే కొద్దిపాటి క్లోరిన్ కంపోస్ట్ తగలగానే ఖర్చయిపోతుంది. జీవామృతం కలపడానికి మాత్రం ముందురోజు రాత్రే బకెట్‌లో పట్టి, మూత లేకుండా ఉంచిన నీళ్లు వాడండి.