వంకర అంచుల పింగాణీ పళ్లేలను మన భోజనానికి ఎంచుకోవడం ఎలా

ఆకారం చూసి మురిసిపోయే ముందు, ఆ పళ్లెంలో చేయి ఏం చేయవలసి ఉంటుందో ఆలోచించాలి. మనం అన్నాన్ని పళ్లెంలోనే కలుపుకుంటాం. పప్పు, పులుసు, చారు ఒకదాని వెంట ఒకటి వచ్చి అంచు వైపు పారుతుంటాయి. కాబట్టి హైదరాబాదు దుకాణాల్లో కనిపించే గులకరాయి ఆకారపు పళ్లేలలో ఒక వైపు చదునుగా సాగిపోయేవి పండ్ల ముక్కలకు పనికివస్తాయే తప్ప చారన్నానికి కావు. చుట్టూ సుమారు 2 సెంటీమీటర్ల ఎత్తున అంచు లేచి ఉంటే, ఆకారం ఎంత వంకరగా ఉన్నా ఇబ్బంది ఉండదు.

తరువాత అడగవలసినది మట్టి గురించి. స్టోన్‌వేర్ అనే గట్టి రకం మట్టి పాత్రలను సుమారు 1,200 నుంచి 1,300 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలుస్తారు కనుక అవి గట్టిపడి నీటిని చాలా తక్కువగా పీల్చుకుంటాయి. తక్కువ వేడిలో కాల్చినది గ్లేజు, అంటే పైన గాజులా ఉండే పూత, చిట్లిన చోట పులుసునూ నూనెనూ తాగి వాసన పట్టుకుంటుంది. పళ్లెం అడుగున గ్లేజు పూయని వలయంపై నీటి చుక్క వేసి చూడండి. చటుక్కున ఇంకిపోతే దానిని అలంకారానికే ఉంచడం మేలు.

గ్లేజు విషయంలో మన వంటకు మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే గోంగూర, చింతపండు, మిర్చీ కా సాలన్ వంటి పుల్లటి పదార్థాలు నాసిరకం గ్లేజులోని సీసాన్నీ కాడ్మియాన్నీ ఆహారంలోకి దింపగలవు. నిమ్మచెక్కను రాత్రంతా ఉంచితే రంగు వెలిసిన పాత్రను తిండికి వాడకూడదు. వెలవనంత మాత్రాన అది సురక్షితమని అర్థం కాదు, సీసం లేని గ్లేజేనా అని తయారీదారును అడగవలసిందే. ముదురు ఎరుపు, నారింజ రంగులు గిన్నె వెలుపలికే పరిమితమైతే మంచిది. రంగుల ధైర్యం కోసం విదేశీ కేటలాగులు తిరగేయనక్కరలేదు: పాతబస్తీలోని మొహర్రం సంతాప మందిరం బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో 1611 నాటి ఎనామెల్ పలకలు చూస్తే చాలు.

ఇప్పటి మోజు అంతా నలుపు, బూడిద రంగు మ్యాట్ (మెరుపు లేని) గ్లేజు మీదే. అది అందమే గాని స్టీలు చెంచా గీతలు దానిపై నిలిచిపోతాయి, బోరు నీటితో కడిగితే తెల్లటి మరకలు తేలుతాయి. తినే పళ్లేనికి నునుపైన గ్లేజు, వడ్డన పాత్రలకు మ్యాట్ అనేది నా ఎంపిక. పిడి లేని కప్పులో ఇరానీ చాయ్ తాగాలనుకుంటే రెండు పొరల గోడ ఉన్నదే తీసుకోవాలి, లేకపోతే వేళ్లు కాలతాయి. బంగారు గీతల పాత్రలు మైక్రోవేవ్‌లో నిప్పురవ్వలు రేపుతాయి.

సెట్టు మొత్తం ఒకేసారి కొనకండి. ముందు ఒక్క పళ్లెం తెచ్చి, సింకులోనూ గిన్నెల స్టాండులోనూ పడుతుందో లేదో, ఒకదానిపై ఒకటి పేర్చడానికి వీలైన రూపమేనా అని చూసుకున్నాక మిగిలినవి తీసుకోండి.