గచ్చిబౌలి పిన్‌కోడ్‌ను కాగితం మీదే విప్పండి

పెద్ద సంఖ్య కనబడగానే ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసేస్తే ఆ సంఖ్య లోపల ఏముందో ఎప్పటికీ తెలియదు, అందుకే ఒక్కసారి పెన్ను పట్టుకోండి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి ఆరంకెల సంఖ్య కోసం వెతుక్కోవాల్సిన పని కూడా లేదు, పిన్‌కోడ్ చాలు. నేను గచ్చిబౌలిది తీసుకుంటున్నా: 500032. దీన్ని ప్రధాన సంఖ్యల గుణకారంగా విడగొడదాం.

ముందు 2 సంగతి తేల్చేయండి. బేసి సంఖ్య వచ్చేదాకా సగం చేస్తూ పోవడమే: 250016, 125008, 62504, 31252, 15626, 7813. ఆరు సార్లు సగమైంది, అంటే లోపల ఆరు రెళ్లున్నాయి. అంకెలు కూడితే 10, కాబట్టి 3తో పోదు. చివర 0 గానీ 5 గానీ లేదు, 5 కూడా అవుట్.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. 7, 11, 13 మూడింటినీ గుణిస్తే 1001 వస్తుంది. 500ను 1001తో గుణిస్తే 500500, అందులోంచి 468 తీసేస్తే మన 500032. ఆ 468 ఎక్కడిదంటే, ముందు మూడంకెల్లోంచి వెనక మూడంకెలు తీసేయడమే: 500 - 32. 500500 ఎలాగూ ఆ మూడింటితోనూ పోతుంది, కాబట్టి 7, 11, 13 సంగతి తెలియాలంటే అంత పెద్ద సంఖ్యతో కుస్తీ పట్టక్కర్లేదు, ఈ 468ని చూస్తే చాలు. 7తో, 11తో భాగిస్తే శేషం 6 మిగులుతుంది, 13తో మాత్రం సరిగ్గా 36 సార్లు పోతుంది. సికింద్రాబాద్ 500003కి ఇదే చేయండి, 497 వస్తుంది, అది 7 × 71, అంటే 500003 కూడా 7తో పోతుంది.

7813ని 13తో భాగిస్తే 601. ఇది ప్రధాన సంఖ్యేనా? 25 వర్గం 625, అది 601ని దాటిపోయింది, కాబట్టి 23 దాకా చూస్తే చాలు, ఎందుకంటే 601 రెండు ముక్కలైతే ఒక ముక్క 25 కంటే చిన్నదే అయ్యుండాలి. ఏడో తరగతి చదివే మా అక్క కూతురు కరెంటు బిల్లు వెనక ఇదంతా చక్కగా వేసి, 13 ఒకసారి అయిపోయింది కదా అని దాన్ని వదిలేసింది. వదలకూడదు, అదే మళ్లీ ఉండొచ్చు. ఇక్కడ శేషం 3. 17తో 6, 19తో 12, 23తో 3. ఏదీ పోలేదు, 601 ప్రధాన సంఖ్యే.

ఆరు రెళ్లు, ఒక 13, ఒక 601. ఒక్కోదానికి ఒకటి కలిపి గుణిస్తే, 7 × 2 × 2, మొత్తం 28 కారణాంకాలు.

ఇంకొకటి. 13నీ 601నీ 4తో భాగిస్తే శేషం 1. అలాంటి ప్రధాన సంఖ్యలు రెండు వర్గాల మొత్తంగా వస్తాయని ఫెర్మా అనే గణితవేత్త చెప్పాడు, ఆయిలర్ అనే ఇంకో గణితవేత్త నిరూపించాడు. అలాంటివాటిని, 2నీ ఎన్నిసార్లు గుణించినా ఆ గుణం పోదు. మన సంఖ్యలో సగం 250016, అంటే 500 వర్గం, 4 వర్గం కలిపితే వచ్చేది. 500 - 4 వర్గం, 500 + 4 వర్గం కలిపితే సరిగ్గా దానికి రెట్టింపు వస్తుంది, కాబట్టి 500032 అంటే 496 వర్గం ప్లస్ 504 వర్గం. నమ్మకం లేకపోతే గుణించి చూడండి: 246016, 254016.

తర్వాత దిల్‌సుఖ్‌నగర్ 500060 పట్టండి. 500 - 60 అంటే 440, 11 వెంటనే దొరుకుతుంది. చివరికి 2273 మిగులుతుంది, దానికి 47 దాకా వెళ్లాలి, కొంచెం పెద్ద కాగితం తీసుకోండి.