కోటను చదవడం నేర్చుకుందాం - 3వ పాఠం: గుండ్రటి బురుజు ముందు కనపడని నేల

పోయిన పాఠంలో గ్రదారా కోట దగ్గర ఆగాం. నిచ్చెనలేసుకుని వచ్చే శత్రువుకి ఆ బురుజు ఎత్తే పెద్ద అడ్డంకి అని చూశాం. ఫిరంగులొచ్చాక అదే ఎత్తు శత్రువు గురి చూసి కొట్టడానికి వీలైపోయింది. అందుకే 1480ల నుంచి ఇటలీలోని మార్కే ప్రాంతపు కోటలు పొట్టిగా, మందంగా మారాయి. ఈరోజు తెల్ల కాగితం, పెన్సిలు, స్కేలు దగ్గర పెట్టుకోండి. చదివి వదిలేస్తే ఈ పాఠం రాదు, గీయాల్సిందే.

ముందు సముద్రం ఒడ్డున ఉన్న సెనిగాల్లియా కోట. దీన్ని ఆ ఊరి పాలకుడు జొవాన్ని డెల్లా రోవెరే కట్టించాడు. వాస్తుశిల్పి లుచ్చానో లౌరానా పనిచేశాడు, 1479లో అతను చనిపోయాక బాచ్చో పొంతెల్లి పూర్తి చేశాడు. నలుమూలలా నాలుగు గుండ్రటి బురుజులు, లావుగా, ఇంచుమించు గోడల ఎత్తులోనే ఉంటాయి. గుండ్రటి గోడకి తగిలిన గుండు పక్కకి జారే అవకాశం ఎక్కువ. అంతవరకు బాగుంది.

ఇప్పుడు గీయండి. ఒక చతురస్రం, నాలుగు మూలల్లో బయటికి పొడుచుకొచ్చిన నాలుగు వృత్తాలు. ఒక వృత్తాన్ని శత్రువు ముట్టడించాడనుకోండి. దానికి కుడిపక్క బురుజులో మీరు ఫిరంగి పెట్టారు. గుండు వెళ్లే దారిని, ఆ వృత్తాన్ని అంచున తాకుతూ పోయేలా ఒక గీతగా గీయండి. ఎడమపక్క బురుజు నుంచి కూడా అలాగే ఇంకో గీత. రెండు గీతలూ బురుజు ముందు ఎక్కడో కలుస్తాయి. ఆ గీతలకీ వృత్తానికీ మధ్య మిగిలిన ముక్కకి పెన్సిల్‌తో రంగు వేయండి.

ఆ నేల మీదకి ఏ పక్క బురుజు నుంచీ గుండు వెళ్లదు. శత్రువు అక్కడ చేరి గోడ కింద సొరంగం తవ్వుకోవచ్చు. దీన్ని పట్టుకోవడమే ఈ పాఠంలో అసలు పని. తొందరగా దాటేయకండి, వృత్తం సైజు మార్చి ఇంకోసారి గీయండి. బురుజు ఎంత లావైతే ఆ ముక్క అంత పెరుగుతుంది.

ఇక లోపలి కొండల్లోని మొందావియో. యజమాని అదే జొవాన్ని. ఇతను ఉర్బినో పాలకుడు ఫెడెరికో ద మోంటెఫెల్ట్రోకి అల్లుడు. మామగారి దగ్గర పనిచేసిన సియెనా వాస్తుశిల్పి ఫ్రాంచెస్కో ది జోర్జో మార్తీని ఇక్కడి కోటని 1482-1492 మధ్య కట్టాడు. ప్రధాన బురుజు గుండ్రంగా ఉండదు, వజ్రాన్ని చెక్కినట్టు ఎన్నో పలకలు. కింది భాగం వాలుగా దిగుతుంది. గోడ మందం కన్నా కోట నేలపటమే (పైనుంచి చూస్తే కనిపించే ఆకారమే) దాని బలమని ఇతని నమ్మకం. ఆ బురుజు చూస్తే ఆ మాట నాకు అర్థమైంది. 1495లో నేపుల్స్ ముట్టడిలో కోట గోడ కింద మందుపాతర పేల్చిన పనికీ ఇతని పేరే చెబుతారు. అంటే కాపాడటం, కూల్చడం రెండూ తెలిసినవాడు.

అయినా మొందావియోలో సమస్య పూర్తిగా తీరలేదు. మళ్లీ మీ బొమ్మ దగ్గరికి రండి. రంగు వేసిన ముక్కని కూడా బురుజులోకి కలిపేసి, ఆ రెండు గీతల వెంటే గోడ కట్టండి. వృత్తం పోయి, ముందుకి కోసుగా వచ్చిన బురుజు మిగులుతుంది. దాక్కునే చోటు లేదు. 1532లో అంకోనాలో ఆంతోనియో ద సాంగల్లో (చిన్నవాడు) అనే వాస్తుశిల్పి కట్టిన కోటకి ఇలాంటి కోసు బురుజులే. తెలుగులో గుండ్రటిదాన్నీ కోసుదాన్నీ కూడా బురుజనే అంటాం కాబట్టి, నోట్సులో ఏది ఏదో తప్పకుండా రాసుకోండి.

వచ్చే పాఠానికి ఇంటిపని: కాల్యి ఊళ్లో మిగిలిన ఫ్రాంచెస్కో బురుజు పైనుంచి తీసిన ఫొటో వెతకండి. అది కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. కొండ మీది కోటని 1502లో దండెత్తి వచ్చిన చేజరే బోర్జా చేతికి దక్కకూడదని సొంత పాలకుడే కూల్పించాడు, ఊళ్లో ఈ బురుజే మిగిలింది. దాని చుట్టూ ఇవే గీతలు గీసి, కనపడని ముక్క ఏ వైపు పెద్దదిగా వచ్చిందో గుర్తు పెట్టుకోండి. అక్కడి నుంచే మొదలుపెడదాం.