ముందు సాలిడ్ యాక్సిల్ వేయించాక పికప్ ఇబ్బంది పెడుతోందా? కమాన్ కట్టలు చూడండి

పికప్‌కి ముందున్న ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ విడివిడిగా కదిలేది) పీకించి, రెండు చక్రాలనూ ఒకే ఇరుసుతో కలిపే పాత జీప్ సాలిడ్ యాక్సిల్ వేయించుకున్నవాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో తరచూ కలుస్తుంటారు. అందరిదీ దాదాపు ఒకటే బాధ: యాక్సిల్ బాగానే కూర్చుంది, బండే సరిగ్గా నడవట్లేదు. నాకూ అదే జరిగింది, కమాన్ కట్టలు (వంపు ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగులు) రెండుసార్లు విప్పించాక గాని తప్పెక్కడుందో అర్థం కాలేదు. అందరం ముందు ఎత్తు చూస్తాం. చూడాల్సింది బరువు.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. కాబట్టి రోడ్డెక్కించే ముందే రవాణా శాఖ ఆఫీసులో అడగండి.

సమస్య: చిన్న గతుక్కే నడుం విరిగేలా కొడుతోంది

కారణం చాలాసార్లు ఒకటే, ఏదో పికప్ వెనక కట్టలు చవగ్గా దొరికాయని తెచ్చి ముందు బిగించి ఉంటారు. వెనక కట్ట సరుకు మోయడానికి చేసింది. ముందు పడేది ప్రధానంగా ఇంజను బరువు, గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు నింపుకొచ్చినా ఆ బరువు దాదాపు అంతా వెనకే పడుతుంది, అందుకే ముందు కట్ట అసలు వంగదు.

బండిని వేబ్రిడ్జి దగ్గరికి తీసుకెళ్లి ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలబెట్టండి. బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) ఏవైనా పెట్టాలనుకుంటే అవి బిగించాకే తూయించండి. ఉదాహరణకి 1000 కిలోలు వచ్చిందనుకోండి. అందులో యాక్సిల్, చక్రాలు, బ్రేకులు కలిపి 240 కిలోలైతే ఆ బరువు కట్ట మీద పడదు. మిగిలిన 760లో ఒక్కో కట్టకి 380. మిల్లీమీటరు దిగడానికి 4 కిలోలు పట్టే కట్ట వేస్తే 95 మిల్లీమీటర్లు దిగుతుంది. అంటే విడిగా ఉన్నప్పుడు దాని వంపు 115 దాకా ఉంటే, బండి బరువు పడ్డాక 20 మిగులుతుంది. దాదాపు చదునుగా కూర్చున్న కట్టే మెత్తగా నడుస్తుంది.

ఇప్పటికే వేసిన కట్ట గట్టిగా ఉంటే నచ్చిన పట్టీ తీసేయకండి, లెక్క చూసి తీయండి. మందం కొంచెం మారినా గట్టిదనం చాలా మారుతుంది: 6 మిల్లీమీటర్ల పట్టీ బదులు అదే వెడల్పు, పొడవుల్లో 8 మిల్లీమీటర్లది వేస్తే అది రెండు రెట్లకు పైగా గట్టిగా ఉంటుంది. పొడవు దీనికి ఎదురు, కట్ట పొడవు పదోవంతు పెరిగితే దాదాపు పావువంతు మెత్తబడుతుంది. ఛాసిస్‌లో చోటుంటే పొడవాటి కట్టకే నా ఓటు.

సమస్య: కట్ట మెత్తనిదే, అయినా కొడుతోంది

షాకిల్ చూడండి, అంటే కట్ట ఒక కొసని ఛాసిస్‌కి కలిపి ఊగే చిన్న లింకు. కట్ట నొక్కుకున్నప్పుడు సాగి పొడవవుతుంది, ఆ పొడవుకి చోటిచ్చేది షాకిలే. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడు షాకిల్ కింది కొస కట్ట నుంచి బయటికి వాలి ఉండాలి, ఇంకా ఊగడానికి ఖాళీ ఉండాలి. లోపలికి వాలి ఉన్నా, అప్పటికే ఛాసిస్‌కి ఆనుకున్నా కట్ట ఇరుక్కుపోతుంది. వంపు మీద ఉన్న కట్టని కొలిచి బ్రాకెట్లు వెల్డింగ్ చేయడం వల్లే ఇలా అవుతుంది. మెయిన్ పట్టీ (కట్టలో అన్నిటికన్నా పొడవైనది) చదునైతే ఎంత పొడవుంటుందో పట్టీ వెంబడే టేపు పెట్టి కొలిచి, దాన్నిబట్టి బ్రాకెట్ జరపాలి.

సమస్య: స్పీడ్ పెరిగితే స్టీరింగ్ నిలబడట్లేదు

షాకిల్ ముందు వైపు ఉన్న బండికి ఎత్తు కోసం పొడవాటి షాకిల్ వేస్తే యాక్సిల్ ముందుకి తిరిగి క్యాస్టర్ (చక్రం మలుపు తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గిపోతుంది. స్టీరింగ్ దానంతటది మధ్యకు రాదు, కరకట్ట మీద బండి అటూ ఇటూ లాగేస్తుంది, టెన్షన్ తప్ప ఇంకేం ఉండదు. పాత షాకిల్ వేసేయడమే మంచి మందు. లేదంటే కట్టకీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు ఉక్కు ముక్క పెట్టాలి, కట్ట యాక్సిల్ పైన ఉంటే దాని మందపాటి వైపు వెనక్కి రావాలి. గతుకు తగిలినప్పుడు మాత్రమే స్టీరింగ్ లాగుతోందంటే డ్రాగ్ లింక్ (స్టీరింగ్ తిప్పుడుని చక్రాలకి అందించే కడ్డీ) బాగా ఏటవాలుగా ఉందేమో చూడండి, అది కట్ట మార్చితే పోయే జబ్బు కాదు.

సమస్య: ఒక పక్కకి వాలింది

కట్టలు అటుది ఇటు మార్చి చూడండి. వాలు కూడా పక్క మారితే కట్టదే తప్పు, మారకపోతే బ్రాకెట్ల ఎత్తుదో ఛాసిస్‌దో. ఒక రోజు పనే, కానీ ఊహల మీద కొత్త కట్టలు కొనే ఖర్చు తప్పుతుంది.

సమస్య: సెంటర్ బోల్ట్ తెగింది, లేదా మెయిన్ పట్టీ విరిగింది

సెంటర్ బోల్ట్ పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచేది, అది తెగితే కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్ట్‌లు వదులయ్యాయని అర్థం. యూ బోల్ట్‌లు విప్పిన ప్రతిసారీ కొత్తవి వేసి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. పట్టీ విరిగితే బంప్ రబ్బరు (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) ఉందో లేదో చూడండి, అది లేకపోతే కట్ట తలకిందులుగా వంగిపోతుంది. గ్యాస్ మంట పెట్టి వంపు తెచ్చిన పట్టీని మాత్రం అసలు తీసుకోకండి. వేడికి ఉక్కు పదును పోతుంది, వంపు నిలవదు, నల్లరేగడి గోతుల్లో పడ్డ రోజు అక్కడే విరుగుతుంది. నా రెండో కట్ట అలాగే పోయింది. పక్కనే వెల్డింగ్ చేస్తుంటే కట్ట మీద తడిగుడ్డ కప్పండి, ఒక్క నిప్పురవ్వ పడ్డా అక్కడి నుంచే పగులు మొదలవ్వొచ్చు.