సోనార్ సొంతంగా నేర్చుకుందాం, 4వ భాగం: చెవుడొచ్చిన సెన్సార్

పోయిన భాగంలో 8 హైడ్రోఫోన్లు, అంటే నీళ్ళలో శబ్దం వినే మైకులు, 10 సెంటీమీటర్ల ఎడంతో వరసగా కట్టాం కదండీ, నీళ్ళలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోద్ది కాబట్టి 7500 హెర్ట్జ్ దగ్గర అల పొడవు 20 సెంటీమీటర్లు, అందులో సగం ఈ ఎడం. దాన్ని యానాం దగ్గర గౌతమిలో దింపితే రెండో రోజుకే 4వ దాని కేబుల్ జాయింట్లోకి ఉప్పునీళ్ళు ఎక్కేసి పూర్తిగా చెవుడొచ్చేసింది.

ఊడ్పుల్లో ఒకావిడ రాకపోతే పక్కనున్న ఇద్దరూ చెరికాస్త జరిగి ఆ జాగా కూడా నాటేస్తారు చూడండి, మనం చేసేదీ అదే, 3 కీ 5 కీ వినపడినదాన్ని బట్టి 4 కి ఏం వినపడేదో లెక్కకట్టాలి. ఒక్కో సెన్సార్ రీడింగుని లెక్కలోకి ఎంత తీసుకోవాలో చెప్పే గుణకమే వెయిటు, ముందు 4 వెయిటు సున్నా చేసెయ్యండి. అసలు పలకనిదానికన్నా గరగరలాడేది ఎక్కువ పాడుచేస్తది, దాన్ని ఉంచుకోవద్దు.

ఇక్కడో చిక్కుంది. ఇలా పక్కవాటి రీడింగుల్ని వెయిట్లతో గుణించి కూడే లెక్కని ఫిల్టర్ అంటారు, అది సరైన వెయిట్లు నేర్చుకోవాలంటే సరైన జవాబు ఎదురుగా ఉండాలి, 4 దగ్గర జవాబే లేదు. అందుకని 5, 7 నుంచి 6 ని ఊహించడం నేర్పిస్తాం, ఎడం అంతా సమానమే, శబ్దం దూరం నుంచి వస్తోంది కాబట్టి ఆ వెయిట్లే తీసుకెళ్ళి 3, 5 మీద పెడితే 4 వచ్చేస్తది. నాకు ఈ పాఠం మొత్తంలో బాగా నచ్చిన చోటు ఇదే.

నేర్పే పద్ధతి ఎల్‌ఎంఎస్, అంటే లీస్ట్ మీన్ స్క్వేర్స్, 1960లో విడ్రో, హాఫ్ అనే ఇంజనీర్లు ఇచ్చింది. తప్పు, అంటే 6 అసలు రీడింగులోంచి మన ఊహ తీసేస్తే మిగిలేది, ఎంతో చూడు, దాన్ని ఆ సెన్సార్ రీడింగుతోనూ మ్యూ అనే చిన్న అంకెతోనూ గుణించి వెయిటుకి కలుపు, అంతే. మ్యూ 0.05, 5, 6, 7 మూడు రీడింగులూ 2, 5 కీ 7 కీ వెయిట్లు సున్నా అనుకోండి. తప్పు 2, ఒక్కో వెయిటు 0.2 అయింది. మళ్ళీ చేస్తే ఊహ 0.8, తప్పు 1.2, వెయిటు 0.32. తర్వాత 0.392. అలా అలా 0.5 దగ్గరికి చేరుద్ది.

ఒకసారి నేర్చుకుంది కదా అని ఆపెయ్యకండి. 0.5 అనేది శబ్దం తిన్నగా ఎదురు నుంచి వచ్చినప్పుడే, శబ్దం చేసే పడవ పక్కకి జరిగి 19.5 డిగ్రీలకి వెళ్తే ఒక్కో వెయిటు 1 అవ్వాలి. పైగా వేసవిలో ఉప్పునీళ్ళు ఏట్లోకి పైకి ఎక్కుతాయి, వరదకి ఎర్రనీళ్ళు దిగుతాయి, రెండిట్లో శబ్దం వేగం ఒకటి కాదు. 6 దగ్గర నేర్చుకోవడం నడుస్తూనే ఉండాలి.

30 డిగ్రీల దగ్గర మాత్రం 3, 5 ఒకదానికొకటి పూర్తిగా ఎదురై కొట్టేసుకుంటాయి, కూడితే సున్నా, ఈ రెండు వెయిట్లూ చాలవు. అక్కడ ఒక్కో సెన్సార్ పాత రీడింగులు కూడా కలపాలి, అది 5వ భాగంలో.

ఈలోగా పైలెక్కే మ్యూ 0.3 పెట్టి కాగితం మీద నాలుగుసార్లు చెయ్యండి, తప్పు తగ్గకుండా ఎలా పెరుగుతుందో మీకే కనపడుద్ది.