మేజర్ జనరల్ పాటకి పేరడీ రాయడం ఎలా?

పేరు చెబితే గుర్తుపట్టకపోవచ్చు గానీ, ఈ బాణీ మీ చెవిన పడే ఉంటుంది. రసాయన మూలకాల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా పాడేసే పాట విన్నారా? 'హామిల్టన్' నాటకంలో జార్జి వాషింగ్టన్ 'మోడర్న్ మేజర్ జనరల్' అని తన గురించి చెప్పుకోవడం చూశారా? రెండూ ఒకే పాట నుంచి వచ్చాయి. డబ్ల్యూ.ఎస్. గిల్బర్ట్ రాసి, ఆర్థర్ సల్లివన్ స్వరపరిచిన 'ద పైరేట్స్ ఆఫ్ పెన్‌జాన్స్' అనే హాస్య సంగీత నాటకంలో మేజర్ జనరల్ స్టాన్లీ రంగం మీదకి వస్తూనే పాడే పాట అది. నాటకం 1879 డిసెంబర్ 31న న్యూయార్క్‌లో మొదలైంది. పేరడీలు మాత్రం ఇప్పటికీ ఆగలేదు. మీరూ ఒకటి రాయాలనుకుంటే ఇలా చేయండి.

1. ముందు అసలు పాటలోని జోకు పట్టుకోండి

వేగమే ఈ పాట గొప్పతనం అని చాలామంది అనుకుంటారు. వేగం సరదాగానే ఉంటుంది, కానీ నవ్వు వేరే చోట ఉంది.

మొదటి రెండు చరణాల్లో జనరల్ తనకి తెలిసినవన్నీ ఏకరువు పెడతాడు. ఇంగ్లండ్ రాజుల వరుస, మారథాన్ నుంచి వాటర్లూ దాకా యుద్ధాలు, వర్గ సమీకరణాలు, బైనామియల్ సిద్ధాంతం, కలనగణితం, ప్రాచీన గ్రీకు నాటకకర్త అరిస్టోఫనీస్ నాటకంలోని కప్పల కోరస్. మూడో చరణానికి వచ్చేసరికి గుట్టు తనే బయటపెట్టుకుంటాడు. రైఫిల్‌కీ బల్లేనికీ తేడా చూడగానే చెప్పలేడు. కోట కట్టడాల పేర్లు తెలియవు. యుద్ధవిద్యలో అతని చదువు ఆ శతాబ్దం మొదట్లోనే ఆగిపోయింది. అంటే జనరల్‌కి తెలియాల్సిన ఒక్కటీ తప్ప మిగతావన్నీ తెలుసు! బ్రిటిష్ సైన్యంలో 1871 దాకా పదాతి, అశ్వదళాల్లో ఆఫీసరు పదవులు డబ్బిచ్చి కొనుక్కునే పద్ధతి ఉండేది. అది గుర్తున్న ప్రేక్షకులకి ఈ చురక ఇంకాస్త గట్టిగా తగిలి ఉంటుంది. ఇంత గొప్పలు పోయిన మనిషి ఆ తర్వాత సముద్రపు దొంగల చేతుల్లోంచి ఎలా బయటపడతాడంటారా? 'నేను అనాథని' అని అబద్ధమాడి.

2. మూడో చరణం ముందు రాయండి

ఈ ఒక్క మాట పాటిస్తే సగం పని అయినట్టే. 'ఐటీ వాళ్ల మీద', 'డాక్టర్ల మీద' అని విషయంతో మొదలుపెడితే ఉత్త జాబితా తయారవుతుంది. అన్నీ తెలిసి, అసలుది తెలియని మనిషిని ఒకణ్ణి పట్టుకోండి. అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ అనుకుందాం. కాలనీలో చెట్ల లెక్క తెలుసు, ఎవరి కుక్క ఎప్పుడు మొరిగిందో తెలుసు. ట్యాంకులోకి నీళ్లెప్పుడొస్తాయో తెలియదు. ఆ తెలియనితనం దొరికాక వెనక్కి వెళ్లి మొదటి రెండు చరణాల్లో గొప్పలు నింపండి.

జాబితా పేరడీలు బాగుండవని కాదు. అమెరికన్ హాస్య గాయకుడు టామ్ లేరర్ 1959లో విడుదల చేసిన మూలకాల పాట ఉత్త జాబితానే. అప్పటికి తెలిసిన 102 మూలకాలూ అందులో ఉన్నాయి. కానీ వాటిని ఆవర్తన పట్టిక వరుసలో కాక ప్రాసకి కుదిరేలా పేర్చాడు. పైగా ఇంగ్లీషులో చాలా మూలకాల పేర్లు 'ఇయం'తో ముగుస్తాయి కాబట్టి పాదాల చివరలు వాటంతటవే కలిశాయి. అలాంటి అదృష్టం మీ విషయానికి ఉంటే తప్ప జాబితా జోలికి పోకండి. 2010లో వచ్చిన 'మాస్ ఎఫెక్ట్ 2' వీడియో గేమ్‌లో మోర్డిన్ అనే గ్రహాంతర శాస్త్రవేత్త పాడేదీ ఇలాంటిదే. అతని జాతి పేరు 'సలారియన్' కావడంతో ప్రాసలు బోలెడు దొరికాయి. అది నిండా ఒక్క చరణం కూడా ఉండదు. మీరూ మొదటిసారికి మొత్తం రాయనక్కర్లేదు.

3. పాదానికి పదహారు అక్షరాలు

చరణానికి 12 పాదాలు, మూడు చరణాలు. ఎనిమిదో పాదం తర్వాత బృందం అందుకుంటుంది, తర్వాత మళ్లీ నాలుగు పాదాలు. ఇంగ్లీషులో పాదానికి 16 అక్షరాలు: 'అయామ్ ద వెరీ మోడల్ ఆఫ్ ఎ మోడర్న్ మేజర్ జెనరల్'. మొదటి అక్షరం తేలిగ్గా పోతుంది, దెబ్బ రెండోదాని మీద పడుతుంది. తెలుగులో మాట మొదట్లోనే కాస్త ఊనిక ఉంటుంది కాబట్టి, పాదాన్ని 'నే', 'మా', 'ఈ', 'ఆ' లాంటి ఒంటరి అక్షరంతో ఎత్తుకుంటే మిగతా మాటలు తాళంలో పడతాయి. ఆ తర్వాత రెండేసి అక్షరాలు ఆరుసార్లు, చివర మూడు.

ఈ కాలనీలో చెట్టుచేమ, పిల్లిపిల్ల, కుక్కలు
నా లెక్కలోన ఉన్నవండి, నింగిలోని చుక్కలు!

వేళ్ల మీద లెక్కపెట్టండి, పదహారే వస్తాయి. ఛందస్సు చదువుకున్నవారికి గురులఘువుల పట్టింపు ఉంటుంది, ఇక్కడ దాన్ని కాసేపు పక్కన పెట్టాలి. ఈ వేగంలో దీర్ఘాలన్నీ కుదించుకుపోతాయి. మూడు హల్లులు కలిసిన సంయుక్తాక్షరాలు మాత్రం నాలుకకి అడ్డం పడతాయి. 'రాష్ట్ర' అనే మాట ఒక పాదంలో ఒకసారికి మించి వద్దు.

4. ప్రాస దగ్గర బద్ధకించకండి

తెలుగులో అంత్యప్రాస మరీ తేలిక. చూస్తాను, చేస్తాను, రాస్తాను అంటూ ఎంతదూరమైనా పోవచ్చు. అందుకే అందులో నవ్వు పుట్టదు. ఈ పాటలో పాదం చివరి మూడు అక్షరాలూ కలవాలి, అదీ ఊహించని మాటతో. మనకి అలవాటైన రెండో అక్షరం ప్రాస ఈ వేగంలో ఎవరికీ వినపడదు. మా సెక్రటరీ మూడో చరణంలో ఇలా నీరుగారిపోతాడు:

మా ట్యాంకులోకి నీళ్లు ఎప్పుడొస్తయంటె మాత్రము
ఆ ప్రశ్న వింటె చాలునండి, మూగబోవు గాత్రము!

'మాత్రము' అనే సరికి వినేవాళ్లు 'ఆత్రము' కోసమో 'పాత్రము' కోసమో చూస్తారు. ప్రాస మాటల చిట్టా ముందే రాసి పెట్టుకుని, అందులోంచి పాదాలు వెనక్కి అల్లుకుంటూ రండి. ముందు పాదం రాసి ప్రాస వెతికితే తల పట్టుకోవడమే.

5. ఏడో పాదం దగ్గర చిక్కుకోండి

గిల్బర్ట్ ఇక్కడ మంచి చమత్కారం పెట్టాడు. ప్రతి చరణంలోనూ ఏడో పాదం చివర ప్రాసకి లొంగని మాట వస్తుంది. జనరల్ పాట ఆపి, బుర్ర గోక్కుంటాడు. అందరూ ఎదురు చూస్తారు. చటుక్కున దొరుకుతుంది, పరుగు మళ్లీ మొదలు. రెండో చరణంలో అలా దొరికిన మాట 'పినఫోర్', గిల్బర్ట్, సల్లివన్‌ల అంతకుముందు నాటకమే. దాన్ని 'దిక్కుమాలిన గోల' అన్నట్టు తమని తామే వెక్కిరించుకున్నారు. ఆ నాటకాన్ని అమెరికాలో అనుమతి లేకుండా ఎడాపెడా ఆడేయబట్టే మన జనరల్ ఉన్న ఈ సముద్రపు దొంగల నాటకాన్ని ('పైరేట్స్') వీళ్లు ఏకంగా న్యూయార్క్‌లోనే ప్రారంభించారు.

మీ పేరడీలోనూ ఏడో పాదం చివర తిక్క మాట ఒకటి పెట్టండి. 'జీఎస్టీ' బాగుంటుంది. దానికి ఎనిమిదో పాదంలో ఏం దొరుకుతుందో మీ ఇష్టం.

6. వినేవాళ్లకి మూలం తెలిసేలా చూడండి

అసలు తెలియనివాళ్లకి పేరడీ సగమే అందుతుంది. జరుక్ శాస్త్రి పేరడీలు తెలుగువాళ్లని నవ్వించాయంటే, ఆయన ఎంచుకున్న కవితలు పాఠకుల నోట అప్పటికే ఉన్నాయి. అమెరికా టీవీలో ఆ ఇబ్బంది లేదు. 'యానిమేనియాక్స్' కార్టూన్లో 'కార్టూన్ ఇండివిడ్యువల్' అని మార్చి పాడినా, బొమ్మలాట కార్యక్రమం 'మపెట్ షో'లో ఏడడుగుల క్యారెట్ వచ్చి అసలు పాటనే పాడినా జనం పట్టేసుకున్నారు. (క్యారెట్ ఎందుకని అడక్కండి, అదో కథ.) మన సభల్లో అయితే అసలు పాటని అర నిమిషం వినిపించి, జనరల్ ఎవరో రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెట్టండి.

హక్కుల గురించి టెన్షన్ వద్దు. సల్లివన్ 1900లో, గిల్బర్ట్ 1911లో పోయారు, పాటా బాణీ ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరో ఈమధ్య చేసిన రికార్డింగ్ మీద పాడాలంటే మాత్రం వాళ్ల అనుమతి కావాలి.

7. ముందు మెల్లగా, తర్వాత పరుగు

ముందు రాగం వదిలేసి, 'తకధిమి' నాలుగుసార్లు అనే వేగంలో మాటలుగా చదవండి. నాలుక తడబడిన ప్రతిచోటా తప్పు నోటిది కాదు, రాతది. ఆ మాట మార్చేయండి. రెండేసి పాదాలకి ఒకసారి ఊపిరి తీసుకునే చోటు గుర్తు పెట్టుకోండి. మూడో చరణాన్ని కాస్త తగ్గించి, ఒప్పుకోలు ప్రతి అక్షరం వినపడేలా పాడి, చివరి నాలుగు పాదాలకి వేగం పెంచండి. బృందంగా నలుగురు స్నేహితుల్ని నిలబెట్టి, ఎనిమిదో పాదం ముగింపుని మూడుసార్లు తిప్పి అనమనండి. వాళ్లు అంటున్నంతసేపూ మీకు విశ్రాంతి. వన్స్ మోర్ అని కేకలొస్తే, ఆఖరి చరణం ఇంకా వేగంగా పాడటం ఆనవాయితీ. దానికీ కాస్త ఊపిరి దాచుకోండి.