ఏఐతో రాయించుకున్న కాగితంపై సంతకం పెట్టే ముందు ఏమేం చూసుకోవాలి?

సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట చెట్టు కిందనో, జిరాక్సు దుకాణం అరుగు మీదనో కూర్చుని దస్తావేజులు రాసిపెట్టే లేఖరులను చూడనివారు తెలుగునాట అరుదు. లేఖరి రాస్తాడు, చదివి వినిపిస్తాడు, తన ఫీజు తాను తీసుకుంటాడు. సంతకం మాత్రం అమ్మినవారిదీ కొన్నవారిదీ. తూర్పు హద్దు పడమరకు పడిందని పదేళ్ల తర్వాత బయటపడితే కోర్టు చుట్టూ తిరగవలసింది చదవకుండా సంతకం పెట్టినవారే. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ అనే, అడిగినదానికి రాసిచ్చే ఏఐ (కృత్రిమ మేధ) సాధనం జనంలోకి వచ్చిన తర్వాత అటువంటి లేఖరి ఒకరు ప్రతి ఫోన్‌లోనూ కూర్చున్నట్లయింది. ఈ కొత్త లేఖరికి వేగం ఎక్కువ, విసుగు లేదు, ఏ వేళ పిలిచినా పలుకుతాడు. అయితే మన ఊరు తెలియదు, తెలియదన్న సంగతి మాటలో ఎక్కడా బయటపడదు.

ఏఐని బాధ్యతగా వాడటమంటే ఏమిటో పొడి మాటల్లో చెప్పడం కంటే ఒక పనిని చేతిలోకి తీసుకుని చూడటం మేలు. ఊళ్లో వేసిన సీసీ రోడ్డు ఆరు నెలలకే పెచ్చులూడింది, ఆ పని వివరాలు కోరుతూ సమాచార హక్కు చట్టం కింద మండల కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకోవాలి అనుకుందాం. ఆ దరఖాస్తును ఏఐతో రాయించేటప్పుడు పాటించవలసిన క్రమమే, కొద్ది మార్పులతో, ఆఫీసు పనికీ ఇంటి పనికీ సరిపోతుంది.

1. పొరపాటు దొర్లితే ఎవరికి, ఎంత నష్టమో ముందు తేల్చుకోండి

పుట్టినరోజు శుభాకాంక్షలు రాయించుకుంటే, అది బాగా రాకపోయినా పోయేదేమీ లేదు. దరఖాస్తు తప్పుగా వెళితే ఒక నెల వృథా అవుతుంది, మళ్లీ రాసుకోవచ్చు. మందు మోతాదు, భూమి విస్తీర్ణం, కోర్టు వాయిదా, ఒకరి ఉద్యోగం మీద నిర్ణయం వంటివి తప్పితే వెనక్కి తీసుకోలేము. మొదటి రకానికి ఏఐని ధారాళంగా వాడండి. రెండో రకానికి చిత్తుప్రతి వరకు వాడి, ప్రతి వాక్యాన్నీ సరిచూడండి. మూడో రకంలో దానిని విషయం అర్థం చేసుకోవడానికి మాత్రమే ఉంచుకుని, నిర్ణయాన్ని తెలిసిన మనిషికి వదిలేయండి. 2025 జూలైలో కేరళ హైకోర్టు జిల్లా న్యాయవ్యవస్థ కోసం ఇచ్చిన విధానం కూడా దాదాపు ఇదే గీత గీసింది: నిర్ధారణలకు రావడానికి గాని, తీర్పులు ఇవ్వడానికి గాని ఏఐని వాడరాదన్నది.

2. అడగబోయే ముందు దాచవలసినవి దాచండి

దరఖాస్తు రాయడానికి ఏఐకి మీ ఆధార్ నంబరుతో పని లేదు, ఫోన్ నంబరుతో లేదు, గుత్తేదారు పేరుతోనూ లేదు. పేరు ఉండవలసిన చోట “దరఖాస్తుదారు” అనీ, ఊరి పేరు చోట “ఫలానా గ్రామం” అనీ రాసి ఇవ్వండి. అసలు వివరాలను ప్రింటు తీసే ముందు మీ చేత్తో నింపుకోండి. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, టైపు చేసే ఓపిక లేక కాగితాన్నే ఫోటో తీసి ఎక్కించడం. పాస్‌బుక్కు ఫోటోలో ఖాతా నంబరు, తండ్రి పేరు, ఆధార్ చివరి అంకెలు, పక్కన పెట్టిన మరో కాగితం మూల కూడా వెళ్లిపోతాయి.

మీరు ఇచ్చిన మాటలు ఆ ఏఐని నడిపే సంస్థ సర్వర్లలో నిలువ ఉంటాయి. కొన్ని సాధనాలు వాటిని తమ ఏఐ నమూనాలకు (మోడళ్లకు) శిక్షణ ఇవ్వడానికి వాడుకుంటాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ అనుమతిని తీసివేసే వీలు చాలా వాటిలో ఉంది, ఒకసారి వెతికి ఆపేయండి. ఆఫీసు పనికైతే అది కూడా చాలదు. 2023లో శాంసంగ్ ఉద్యోగులు కొందరు సంస్థ సోర్సు కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టినట్లు బయటపడ్డాక, ఆ సంస్థ తన కంప్యూటర్లలో ఇటువంటి సాధనాలను నిషేధించింది. 2025 జనవరిలో మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా ఆఫీసు కంప్యూటర్లలో, ఫోన్లలో ఏఐ సాధనాలు వాడవద్దని సిబ్బందికి సూచించింది. మీ ఆఫీసులో నియమం ఉంటే పాటించండి. లేకపోతే పై అధికారిని అడిగి, ఆ జవాబును మెయిలులో తీసుకోండి. ఖాతాదారుల జాబితా, రోగుల రిపోర్టులు, విద్యార్థుల మార్కులు మీ సొత్తు కావు కనుక వాటిని ఇచ్చే హక్కు కూడా మీది కాదు.

3. అడిగేటప్పుడు ఊరూ కాలమూ చెప్పండి

“సమాచార హక్కు దరఖాస్తు రాసిపెట్టు” అంటే వచ్చేది ఎక్కడికీ సరిపోని కాగితం. ఏ రాష్ట్రం, ఏ స్థాయి కార్యాలయం, ఏ సంవత్సరం పని, ఏ ఏ కాగితాల నకళ్లు కావాలి, ఎంత పొడవు ఉండాలి అన్నవన్నీ చెప్పాలి. ఖచ్చితంగా తెలియని చోట ఖాళీ వదిలేయమని కూడా చెప్పండి. ఆ మాట ప్రతిసారీ వినకపోయినా, ఊహించి నింపడం కొంత తగ్గుతుంది. ఈ నమూనాలు నేర్చుకున్న పాఠంలో ఇంగ్లిషుతో పోలిస్తే తెలుగు చాలా తక్కువ. అందుచేత ముఖ్యమైన ప్రశ్నను రెండు భాషల్లోనూ విడివిడిగా అడిగి చూడటం నా అలవాటు. రెండు జవాబులు వేరైన చోటే తప్పు ఎక్కువగా దాగి ఉంటుంది.

4. వచ్చినదాన్ని అంకె అంకె, పేరు పేరు సరిచూడండి

అసలు పని ఇక్కడే ఉంది, ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. ఏఐ తన దగ్గర ఏదో గ్రంథం తెరిచి చూసి చెప్పదు. ఇంతవరకు వచ్చిన మాటల తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి, ఒక్కొక్క ముక్కా పేర్చుకుంటూ పోతుంది. నిజానికీ నిజంలా వినిపించేదానికీ ఆ పేర్పులో తేడా తెలియదు. ఇంటర్నెట్‌లో వెతికి చెప్పే సాధనాలు లింకులు ఇస్తాయి గాని, ఆ లింకు తెరిచి చదివితే జవాబులో ఉన్న మాట అక్కడ లేకపోవడం కూడా జరుగుతుంది.

మన దరఖాస్తునే చూద్దాం. వచ్చిన చిత్తుప్రతిలో “10 రూపాయల రుసుము జత చేస్తున్నాను” అని ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు అది సరైనదే. కానీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుమే లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా రుసుము లేదు. ఇక రెండో పేరాలో ఈ సమాచారం ఎందుకు కావాలో ఏఐ వినయంగా వివరిస్తుంది. చట్టంలోని 6(2) సెక్షను ప్రకారం కారణం చెప్పనక్కరలేదు, కాబట్టి ఆ పేరా కొట్టేయండి. మూడో పేరాలో “పనిలో నాణ్యత ఎందుకు లోపించింది?” అని నిలదీస్తుంది. చదవడానికి బాగుంటుంది, కానీ అధికారి ఇవ్వవలసింది రికార్డులో ఉన్న సమాచారమే తప్ప సంజాయిషీ కాదు. ఆ ప్రశ్న తీసేసి, ఎస్టిమేటు నకలు, ఒప్పంద పత్రం నకలు, ఎం.బుక్కులో (పని కొలతలు రాసే పుస్తకంలో) ఆ పనికి సంబంధించిన పేజీల నకళ్లు, చెల్లించిన బిల్లుల నకళ్లు కావాలని అడగండి. ఏఐ తెలుగులో “కొలతల పుస్తకం” అని రాస్తే అది తప్పు కాదు గాని, ఇంజనీరింగు విభాగంలో ఎవరిని అడిగినా ఎం.బుక్కు అనే అంటారు. అదే మాట వాడితే కాగితం వెతికేవారికి సందేహం ఉండదు.

చట్టం సెక్షన్లలో ఇంకొక చిక్కు ఉంది. 2024 జూలై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మోసానికి అందరి నోటా ఉన్న 420 సెక్షను ఇప్పుడు 318లో ఉంది, హత్యకు ఉన్న 302 ఇప్పుడు 103. పాత పుస్తకాల మీద పెరిగిన నమూనాలు ఇంకా 420 అనే రాస్తుంటాయి. అలాగని అది ప్రతిసారీ తప్పని కొట్టేయలేము, ఎందుకంటే ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత చట్టమే వర్తిస్తుంది. సంఘటన ఎప్పుడు జరిగిందో మీరు చెప్పాలి, ఆ తర్వాత అసలు చట్టం పాఠాన్ని తెరిచి చూసుకోవాలి.

భూమి లెక్కలు మరీ జాగ్రత్తగా చూడవలసినవి. తెలంగాణ పాస్‌బుక్కులో 2.15 అని ఉంటే రెండెకరాల పదిహేను గుంటలు. కోస్తాలో అదే అంకెను రెండెకరాల పదిహేను సెంట్లుగా చదువుతారు. ఎకరానికి 40 గుంటలు లేదా 100 సెంట్లు కాబట్టి, పదిహేను గుంటలంటే 37.5 సెంట్లు. రాష్ట్రం చెప్పకుండా గజాల్లోకి మార్చమంటే ఏఐ ఆ చుక్కను మామూలు దశాంశంగా తీసుకుని సెంట్ల లెక్కే వేస్తుంది. గుంటకు 121 గజాలు, సెంటుకు 48.4 గజాలు చొప్పున వేసి చూడండి: తేడా 1,089 గజాలు. ఊరి పక్కన అంత జాగాలో ఐదారు ఇళ్లు లేస్తాయి. లెక్కను మీరే కాగితం మీద మరోసారి వేయడానికి పట్టేది రెండు నిమిషాలు.

సరిచూడటమంటే తిరిగి ఏఐనే “ఇది నిజమేనా?” అని అడగడం కాదు. 2023లో న్యూయార్కులో ఒక విమానయాన సంస్థపై వేసిన కేసులో న్యాయవాది చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించాడు. అవి నిజమైన కేసులేనా అని దాన్నే అడిగితే నిజమేనని చెప్పింది. తీరా చూస్తే అందులో ఆరు కేసులు అసలు లేనే లేవు. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఆ జరిమానా కట్టింది కాగితం కోర్టులో పెట్టినవారే.

5. ఒంటికి సంబంధించిన విషయాల్లో

పిల్లవాడికి జ్వరం వచ్చింది, పారాసిటమాల్ సిరప్పు ఎంత పోయాలని అడిగితే “5 మి.లీ.” అని జవాబు వస్తుంది. మన మందుల షాపుల్లో ఆ సిరప్పు 5 మి.లీ.కి 120 లేదా 125 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 250 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, చంటిపిల్లల చుక్కల మందు ఇంకా గాఢంగా ఉంటుంది. మీ చేతిలో ఉన్న సీసా ఏదో ఏఐకి తెలియదు, బిడ్డ బరువు అడగాలన్న ఆలోచన దానికి వచ్చిందో లేదో మీకు తెలియదు. సీసా మీద రాసినది చదివి డాక్టరుకు గాని ఫార్మసిస్టుకు గాని చెప్పడమే దారి. అమెరికాలో అరవై ఏళ్ల వ్యక్తి ఒకరు ఉప్పుకు బదులు ఏం వాడవచ్చని ఏఐని అడిగి, సోడియం బ్రోమైడును మూడు నెలలు తిని ఆసుపత్రి పాలైన కేసును వైద్యులు 2025లో ప్రచురించారు.

రక్తపరీక్ష రిపోర్టులో పదాలకు అర్థం తెలుసుకోవడానికి, డాక్టరును అడగవలసిన ప్రశ్నలు రాసుకుని వెళ్లడానికి ఏఐ ఎంతో సాయపడుతుంది. ఆ రిపోర్టు మీద ఉన్న పేరు, ఆసుపత్రి నంబరు చెరిపి ఇవ్వడం మరవకండి.

6. వాడానని చెప్పండి

తరగతిలో గాని, ఆఫీసులో గాని ఏఐ సాయం తీసుకున్న పనిలో ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పాలి: ఏ భాగానికి వాడారు, ఎవరు సరిచూశారు. ఉపాధ్యాయులకు ఒక మాట. రాసింది మనిషా ఏఐనా అని పసిగట్టే సాధనాలను నమ్మి పిల్లలను దోషులను చేయకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన సంస్థే తన అటువంటి సాధనాన్ని ఖచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జూలైలో తీసివేసింది. విద్యార్థిని పిలిచి, రాసిన దానిలో రెండు పేరాలు వివరించమంటే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

7. ఇతరుల ముఖం, ఇతరుల గొంతు

సరదాకైనా ఒకరి ఫోటోను, గొంతును వారి అనుమతి లేకుండా ఏఐకి ఇవ్వకండి. నటి రష్మిక మందన్న ముఖాన్ని మరొకరి వీడియోకు అతికించిన కేసులో ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో ఒక యువకుణ్ణి ఆంధ్రప్రదేశ్‌లో అరెస్టు చేశారు. ఇటువైపు జాగ్రత్త కూడా అవసరమే: కొద్ది సెకన్ల రికార్డింగు ఉంటే గొంతును అనుకరించవచ్చు కాబట్టి, “నాన్నా, ప్రమాదం జరిగింది, వెంటనే డబ్బు పంపు” అని కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే, గొంతు మీ అబ్బాయిదే అనిపించినా పెట్టేసి, అతని పాత నంబరుకు మీరే చేయండి. డబ్బు పంపిన తర్వాత అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి; ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును ఖాతాలో నిలిపివేయడానికి అంత అవకాశం ఉంటుంది.

దరఖాస్తు సంగతి మిగిలింది. సరిదిద్దిన ప్రతిని ఒకసారి పైకి చదవండి, అందులో మీకు అర్థం కాని వాక్యం ఏదైనా ఉంటే తీసేయండి, పేరూ చిరునామా చేత్తో నింపి సంతకం పెట్టండి. ఒక జిరాక్సు ఉంచుకుని స్పీడ్ పోస్టులో పంపి, రసీదును దానికి పిన్ను కొట్టండి. కాగితం కార్యాలయానికి అందిన రోజు నుంచి 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేసుకోవచ్చు. ఆ తేదీలను మాత్రం ఏఐని గుర్తుచేయమనకుండా, గోడ మీది క్యాలెండరులో ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టుకోండి.